చప్పుడు తీసేసిన కారు

మే ఇరవై ఆరు, మంగళవారం, ఉదయం ఎనిమిదీ పన్నెండుకి, భీమవరం నుంచి వచ్చిన ఒక ప్రశ్నకి అప్పలరాజు జవాబు చెప్పాడు. ప్రశ్న అతన్ని అడిగింది కాదు. అప్పటికి అతను విశాఖపట్నంలో హైవే మీద షీలానగర్ దాటి, గాజువాక వైపు కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో ఆశాజ్యోతి ఉంది. ప్రశ్న ఆమెకి వచ్చింది. అప్పలరాజు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

అప్పలరాజుకి ముప్పై ఎనిమిదేళ్లు. ఫిషింగ్ హార్బర్‌లో చలమయ్య బోటుకి పదకొండేళ్లు సరంగుగా చేశాడు. చుక్కాని అతని చేతిలోనే ఉండేది. వెళ్తే పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై. రెండేళ్ల క్రితం దిగిపోయాడు. ఎందుకు దిగావని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు: "రోజూ ఇంట్లో పడుకుంటే ఎలాగుంటాదో సూద్దామని." చూశాడు. బాగానే ఉంది. తొమ్మిదేళ్లు తిరిగిన డీజిల్ కారు ఒకటి కొని, ఏడాదిగా ఆశాజ్యోతికి నెలవారీ బాడుగకి తిప్పుతున్నాడు.

ఆశాజ్యోతి దువ్వాడ అవతల ఒక రొయ్యల ప్లాంటులో ప్రొడక్షన్ మేనేజరు. ఇల్లు అక్కయ్యపాలెం. కంపెనీ హెడ్డాఫీసు భీమవరంలో. రోజూ ఎనిమిదింటికి అక్కడి నుంచి డైరెక్టరు ఫోన్ చేస్తాడు. ఆ ఫోను వచ్చేసరికి కారు హైవే మీద ఉంటుంది. ఆమె ఒక చెవికి ఫోను పెట్టుకుని, రెండో చెవి వేలితో మూసుకుని, అరిచి మాట్లాడేది. ఏం మాట్లాడేదో అప్పలరాజుకి తెలియదు. తొమ్మిదేళ్ల డీజిల్ ఇంజను, కింద టైర్లు, పక్కన కంటైనర్ లారీలు. ఆమె ఏదో అరుస్తోందని అద్దంలో నోటిని బట్టి తెలిసేది, అంతే.

మే రెండో తారీకున ఆమె దిగేటప్పుడు ఆగింది.

"అప్పలరాజు గారూ, ఈ కారులో నేను మాట్లాడేది అవతలివాళ్లకి సరిగ్గా వినపడటం లేదు. ఈ నెల ఇరవైకల్లా ఏదో ఒకటి చెయ్యండి. కారులో మాట్లాడితే గదిలో కూర్చుని మాట్లాడినట్టుండాలి. కాదంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన బండి ఉంది, అది మాట్లాడుకుంటాను."

"గదంటే ఏ గది మేడం?"

"ఏ గదైనా. తలుపేసిన గది."

అప్పలరాజు ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు. తలుపేసిన గది.

అప్పటికి వేట నిషేధం నడుస్తోంది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోతుంది. చలమయ్య తన బోటుకి మనుషుల్ని కూర్చుకుంటున్నాడు. ఆ సాయంత్రమే అతను అప్పలరాజు ఇంటి ముందు ఆగి, కారు బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఏరా, కారుని నువ్వు తోల్తన్నావా, కారే నిన్ను తోల్తందా?"

"బాడుగుంది గదా మావా."

"ఉన్నన్నాళ్లూ ఉంటాది. జూన్ పదిలోపు మాట సెప్పు. నువ్వు రానంటే కాకినాడ నుంచి సరంగుని తెచ్చుకుంటాను. నాకు పద్నాలుగు రేతిరికి మనిషి కావాల."

అప్పలరాజు భార్య దేవి గుమ్మంలోంచి విన్నది. చలమయ్య వెళ్లాక అడిగింది.

"ఆ మేడం వొద్దంటే ఏటి సేత్తావు?"

"ఏటి సేత్తాను. ఎక్కుతాను."

"ఎక్కకు," అంది దేవి. "కారు సప్పుడేగా. ఆపించీ."

చప్పుడు ఆపించడానికి అప్పలరాజుకి గుర్తొచ్చిన మనిషి కోటి, వరసకి బావ. కోటి హార్బర్‌లో బోట్లకి ఐసు గదులు కడతాడు. చేపలు పోసే గదికి రెండు గోడలుంటాయి. మధ్యలో రెండు రసాయనాలు కలిపి పోస్తే నురగలా పొంగి గట్టిపడుతుంది. కోటి పోసిన గదిలో ఐసు ఇరవై రోజులు ఉంటుందని పేరు. అతను అప్పలరాజు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీద వేళ్లతో కొట్టి చూశాడు.

"లోపల డొల్ల బావా. అందుకే మోగతంది."

"ఆపగలవా?"

"మండుటెండలో ఐసుని కరక్కుండా ఆపతన్నాను. సప్పుడు అంతకన్నా గట్టిదేటి?"

అప్పలరాజుకి ఇందులో తప్పేమీ కనపడలేదు. హార్బర్‌లో ఎవరికీ కనపడేది కాదు. బయటిది లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా ఆపాలంటే అక్కడ అందరూ కోటి దగ్గరికే వెళ్తారు.

మే పది, ఆదివారం, ఐస్ ఫ్యాక్టరీ గోడ నీడలో పని మొదలైంది. నాలుగు తలుపుల లోపలి అట్టలు ఊడదీశారు. కోటి రెండు డబ్బాలు కలిపాడు. ఐసు గదికి వేసే లెక్క ప్రకారమే, మూడు వేళ్ల మందానికి పోశాడు. పది నిమిషాల దాకా ఏమీ కాలేదు. తర్వాత స్పీకర్లు కదిలాయి. పాలు పొంగినట్టు నురగ స్పీకర్ కన్నాల్లోంచి బయటికి వచ్చింది. డ్రైవర్ పక్క స్పీకరు తన చోటు వదిలి జానెడు ముందుకొచ్చి, వైరుకి వేలాడింది.

"పట్టుకో బావా," అన్నాడు కోటి.

"దేన్ని పట్టుకోమంటావురా?"

గట్టిపడ్డాక చూస్తే ముందు రెండు అద్దాలు పైన బిగుసుకుపోయాయి. వెనక ఒకటి సగంలో ఆగింది. ఇంకొకటి పూర్తిగా కిందకి దిగి ఉండిపోయింది. డ్రైవర్ తలుపు లోపల్నుంచి తెరుచుకోవడం మానేసింది. దిగి ఉన్న అద్దం చోటా, సగంలో ఆగినదాని పైనా కోటి ప్లాస్టిక్ షీటు అతికించాడు.

దేవి వచ్చి చూసింది.

"కారుకి సేపల పెట్టి సేయించినావు. ఇంక ఐసు పోసీ, రేపు అమ్మకానికి నాను కూకుంటాను."

సోమవారం ఆశాజ్యోతి ఎక్కింది. అప్పలరాజు అద్దంలో ఆమె మొహం చూస్తూ నడిపాడు. ఏసీ వేసిన అయిదు నిమిషాలకే ఆమె చున్నీ భుజాల మీదికి లాక్కుంది. ఇంజను చప్పుడు ఎప్పట్లాగే ఉంది. టైర్ల చప్పుడు పెరిగింది. ప్లాస్టిక్ షీటు కొట్టుకునే చప్పుడు కొత్తగా చేరింది.

"పని జరుగుతోందా?" అని అడిగింది దిగుతూ.

"జరగతంది మేడం."

"చల్లగా మాత్రం ఉంది."

ఆ రోజే పదకొండింటికి అప్పలరాజు గోపాలపట్నం వెళ్లాడు. కోటి కూడా వచ్చాడు. తన పని గురించి ఎవరేమంటారో తను వినాలన్నాడు. అక్కడ మార్కెట్ దగ్గర అబ్బులుకి కార్ ఆడియో షాపు ఉంది. అబ్బులు వాళ్లది అమలాపురం పక్క. తండ్రి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అబ్బులు ఇక్కడే పుట్టినా మాట మాత్రం తండ్రి మాటే.

అబ్బులు తలుపు మీద తట్టాడు. చెవి పెట్టి మళ్లీ తట్టాడు.

"ఏవండీ, ఇదెవరు చేశారండి?"

"మా బావ," అన్నాడు అప్పలరాజు.

"బావగారేం చేస్తుంటారండి?"

"బోట్లకి ఐసు గదులు కడతాను," అన్నాడు కోటి.

"అలా చెప్పండి మరి. తలుపు తడితే రొయ్యల పెట్టె తట్టినట్టుందండి."

"అంటే నా పని తప్పంటావా?"

"మీ పని తప్పు కాదండి. అది కారవడం తప్పండి."

అబ్బులు లోపలికెళ్లి అన్నం తినే స్టీలు కంచం ఒకటి తెచ్చాడు. వేలితో కొడితే మోగింది. కంచం వెనక అరచేతి వెడల్పున ఒక నల్ల షీటు ముక్క అతికించాడు. ఒక పక్క తారులా అంటుకుంటుంది, రెండో పక్క వెండి రేకులా ఉంటుంది. మళ్లీ కొట్టాడు. చెక్క మీద కొట్టినట్టు ఒక్కసారి టప్పుమని ఊరుకుంది.

"చలవ ఆపాలంటే తేలికది కావాలండి, లోపల గాలి బుడగలున్నది. మీ నురగ అదేనండి. చప్పుడాపాలంటే బరువున్నది కావాలండి. రేకు వణక్కుండా పట్టుకోవాలి. కంచమంతా అతికించానా? లేదండి. మధ్యలో ఒక్క ముక్క."

కోటి కంచం తీసుకుని తనే కొట్టి చూశాడు. షీటు గోరుతో గీకి చూశాడు.

పని తొమ్మిది రోజులు పట్టింది. పొద్దున ఆశాజ్యోతిని దువ్వాడలో దింపి అప్పలరాజు గోపాలపట్నం వచ్చేవాడు. సాయంత్రం అయిదింటికి లోపలి అట్టలు లేని తలుపులతో మళ్లీ ఆమెని తీసుకురావడానికి వెళ్లేవాడు. మొదటి నాలుగు రోజులు నురగ తియ్యడమే. కోటి ఇంటి నుంచి చేపలు కోసే కత్తులు రెండు తెచ్చి, తను పోసింది తనే గీకాడు. నాలుగు బస్తాలయింది. అయిదో రోజు నుంచి అబ్బులు షీట్లు అతికించాడు. రోలరుతో ఒత్తి, గాలి లేకుండా చేశాడు. సీట్లు విప్పి నేల మీద పరిచాడు. టైర్ల పైభాగంలో రెండు వరసలు వేశాడు. తలుపుల చుట్టూ రబ్బరు బీడింగ్ మార్చాడు. పాత స్పీకర్లు నాలుగూ తీసేశాడు. మంద్రమైన శబ్దానికి తలుపుల్లో కొత్తవి, సన్న శబ్దానికి ముందు అద్దం పక్కన చిన్నవి బిగించాడు. కొత్త స్టీరియో పెట్టాడు. ఫోను దానికి కలిపితే అవతలి మాట స్పీకర్లలో వస్తుంది, ఇవతలి మాట మైకు తీసుకుంటుంది.

"మైకు ఎక్కడ పెట్టమంటారండి?"

"ఎక్కడ పెడతారు అందరికీ?"

"నడిపేవాళ్ల నోటి దగ్గరండి."

"అయితే అక్కడే ఎట్టండి."

కారులో మాట్లాడే మనిషి వెనక సీట్లో కూర్చుంటుందని అబ్బులుకి ఎవరూ చెప్పలేదు. అబ్బులు అడగలేదు. డ్రైవర్ తల పక్కన, పిల్లర్ మీద, మైకు బిగించాడు.

మే ఇరవై, బుధవారం, మధ్యాహ్నం పని అయింది. ముగ్గురూ కారులో కూర్చుని తలుపులు వేసుకున్నారు. షాపు ముందు నుంచి సిటీ బస్సు వెళ్లింది. బస్సు కనపడింది, చప్పుడు రాలేదు. అబ్బులు సన్నాయి కచేరీ ఒకటి పెట్టాడు. వాయించేవాడు మధ్యలో ఊపిరి తీసుకోవడం వినపడింది.

"ఆ బుస్సుమంటంది ఏటి?" అన్నాడు అప్పలరాజు.

"మనిషండి," అన్నాడు అబ్బులు.

కోటి ముక్కు ఎగబీల్చాడు. అదీ వినపడింది. అతను సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు.

మర్నాడు ఆశాజ్యోతి ఎక్కి తలుపు వేసుకుంది. కారు ఎన్ఏడీ కూడలి దాటింది. అప్పలరాజు అద్దంలోకి చూశాడు.

"ఎలాగుంది మేడం?"

"గదే," అంది ఆమె.

ఎనిమిదింటికి ఫోను వచ్చింది. స్పీకర్లలో డైరెక్టరు గొంతు వచ్చింది. పేరు సీతారామాంజనేయులు. ఏడాదిగా ఎనిమిదింటికి ఈ కారులోకి వస్తున్న మనిషి గొంతు అప్పలరాజు వినడం అదే మొదటిసారి. పెద్దాయన, నింపాదిగా మాట్లాడతాడు. కిలోకి ముప్పై తూగే ముప్పై కౌంటు రొయ్య ఎంత, నలభై కౌంటు ఎంత, కంటైనర్ ఎప్పుడు అని అడిగాడు. ఆశాజ్యోతి అరవకుండా, ఒళ్లో కాగితాలు చూసుకుంటూ చెప్పింది. చివర్లో ఆయన అన్నాడు: "ఇవాళ మాట ఎంత బావుందమ్మా. రోజూ ఇలాగే మాట్లాడు."

ఆ మెచ్చుకోలు కారుకేనని అప్పలరాజు అనుకున్నాడు. ఇంటికెళ్లి దేవికి చెప్పాడు. దేవి కోటికి చెప్పింది. శుక్ర, శని, సోమవారాల్లో కూడా ఫోను అలాగే సాగింది. సోమవారం సాయంత్రం చలమయ్య కనపడితే అప్పలరాజు తనే ఆపి చెప్పాడు.

"కాకినాడాయన్ని మాటాడుకో మావా. నా బాడుగ ఉండిపోనాది."

"జూన్ పది దాకా సూత్తాను," అన్నాడు చలమయ్య.

మంగళవారం ఉదయం షీలానగర్ దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. అప్పలరాజు బ్రేకు వేశాడు. ఆశాజ్యోతి ఒళ్లో ఫైలు జారి ముందు సీటు కిందకి పోయింది. ఆమె వంగి చెయ్యి పెట్టి వెతుకుతోంది. అప్పుడు డైరెక్టరు అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు ఎక్కడున్నావు?"

బోటులో వైర్‌లెస్ సెట్టు చుక్కాని పక్కనే ఉంటుంది. సముద్రం మీద ఎక్కడున్నావని గొంతు వస్తే ఎవరిని అడిగారని చూడరు. చుక్కాని పట్టుకున్నవాడు తానెక్కడున్నాడో చెప్పాలి. రెండుసార్లు చెప్పాలి, మొదటిసారి గాలికి పోతుంది కాబట్టి. చెప్పకపోతే ఒకరి వల మీద ఇంకొకరి వల పడుతుంది. పదకొండేళ్లలో అప్పలరాజు ఆ ప్రశ్నకి రెండు సెకన్లకి మించి ఆలస్యం చెయ్యలేదు. ఈ గొంతు కూడా అతని మోకాలి పక్క తలుపులోంచే వచ్చింది. ఆశాజ్యోతి ఇంకా సీటు కింద వెతుకుతోంది. రెండు సెకన్లు అయిపోయాయి.

"షీలానగర్ దాటేం, షీలానగర్ దాటేం," అన్నాడు అప్పలరాజు. "గాజువాక వైపు ఎల్తన్నాం."

స్పీకర్లలో ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు?"

"అప్పలరాజు సార్. డ్రైవర్ని."

"ఏ డ్రైవరువి?"

"మేడం గారి కారు సార్."

"మేడం ఏరీ?"

"ఎనకాలే ఉన్నారు సార్. వొంగున్నారు."

ఆశాజ్యోతి లేచి ఫోను కట్ చేసింది. తర్వాత దాన్ని పూర్తిగా ఆపేసింది. గాజువాక సిగ్నల్ దగ్గర కారు ఆగాక మాట్లాడింది. ఆమె గొంతు పెంచలేదు. ఆ కారులో పెంచనక్కర్లేదు.

"మీరెందుకు మాట్లాడారు?"

"అడిగినారు మేడం."

"మిమ్మల్నా?"

"ఎక్కడున్నావని అడిగినారు. తోల్తన్నది నానే గదా."

పచ్చ సిగ్నల్ పడింది. ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. ఆమె డ్యూటీ ఏడింటికి. నాలుగేళ్ల కొడుకు చింటూని చూసుకునే మనిషి ఏడున్నరకి గానీ రాదు. ఏడాదిగా ఎనిమిదింటి ఫోను కారులోంచే మాట్లాడుతోంది. కారు చప్పుడుని భీమవరంలో ప్లాంటు మెషీన్ల చప్పుడు అనుకునేవారు. ఆమె కాదనలేదు. ఏప్రిల్ చివర్లో డైరెక్టరు, "మెషీన్ల దగ్గర నిలబడి మాట్లాడకమ్మా, ఏం వినపడటం లేదు, క్యాబిన్‌లోకెళ్లి తలుపేసుకుని మాట్లాడు," అన్నాడు. ఆమె తలుపేసిన గది అడిగింది అందుకు.

అప్పలరాజు గేరు మార్చి అడిగాడు.

"ఆ మాట నాకు ముందు సెప్పుంటే అయిపోను గదా మేడం?"

"మీకు వినపడుతుందని నాకేం తెలుసు? ఏడాది నుంచి మీకు ఏమీ వినపడలేదు."

ప్లాంటు గేటు దగ్గర దిగేటప్పుడు ఆమె తలుపు పట్టుకుని ఆగింది.

"సారు మీకు ఫోన్ చేస్తారు. నంబరు అడిగి తీసుకుంటారు, ఆయన సంగతి నాకు తెలుసు. చేస్తే ఈ ఒక్కరోజే లేటయిందని చెప్పండి. రోజూ ఆరూ ముప్పావుకి గేటు దగ్గర దింపుతానని చెప్పండి. అలా చెప్తే నేనుంటాను, మీ బాడుగా ఉంటుంది."

రాత్రి అన్నాల దగ్గర అప్పలరాజు ఆ మాట దేవికీ, కోటికీ చెప్పాడు.

"ఒక్క అబద్ధం బావా," అన్నాడు కోటి. "సేప పాడైతే నిన్నటిదని సెప్పమా?"

"ఎక్కడున్నావంటే ఇంకో సోటు ఎప్పుడూ సెప్పలేదురా."

"పదకొండేళ్లు సెప్పిన నిజానికి ఏటిచ్చినారు నీకు?" అంది దేవి. "సముద్రం మీదే ఉంచినారు. ఈ ఒక్కటీ సెప్పీసి ఇంట్లో ఉండు."

ఫోను బుధవారం తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. అప్పలరాజు ఆశాజ్యోతిని దింపి తిరిగి వస్తూ కూర్మన్నపాలెం దగ్గర ఉన్నాడు. పనయిన రోజున అబ్బులు అతని ఫోను కూడా స్టీరియోకి కలిపి ఇచ్చాడు. కొత్త నంబరు చూసి అప్పలరాజు ఎడమ ఇండికేటర్ వేసి, కారు రోడ్డు పక్కన ఆపాడు. అద్దాలన్నీ పైకి ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మాట స్పష్టంగా ఉంటే నమ్ముతారని అతని ఆలోచన.

"అప్పలరాజేనా?"

"ఆఁ సార్."

"నిన్న షీలానగర్ అన్నావు."

"నిన్నొక్క రోజే సార్. టైరు పంచరైపోనాది."

"మామూలుగా ఎన్నింటికి దింపుతావు?"

"ఆరూ ముప్పావుకి సార్. గేటు దగ్గర."

"రోజూనా?"

"రోజూ సార్."

అవతల కుర్చీ కిర్రుమంది. భీమవరంలో కుర్చీ కిర్రుమనడం కూర్మన్నపాలెంలో వినపడింది.

"నీ మాట బాగా వినపడతందయ్యా. ఎక్కడి నుంచి మాట్లాడతన్నావు?"

ఇంటి నుంచి అని చెప్పి ఉండొచ్చు. ఆ ఆలోచన అతనికి తర్వాత వచ్చింది.

"కారులోంచి సార్. కూర్మన్నపాలెం, కూర్మన్నపాలెం."

"నిన్న మేడం ఉన్న కారేనా?"

"అదే సార్."

"ఆ టిక్కు టిక్కు ఏవిటి?"

అప్పలరాజు స్టీరింగ్ వెనక చూశాడు. ఆకుపచ్చ బాణం వెలిగి ఆరుతోంది.

"ఇండికేటర్ సార్."

"అదొకసారి ఆపు."

ఆపాడు.

"మళ్లీ వెయ్యి."

వేశాడు.

"గురువారం నుంచి అది మేడం క్యాబిన్‌లో గోడ గడియారం అనుకుంటన్నానయ్యా," అన్నాడు సీతారామాంజనేయులు. "కాసేపు కొట్టుకుంటంది, కాసేపు ఆగిపోతంది. బ్యాటరీలు మార్చమని శనివారం స్టోర్స్‌కి రాశాను కూడాను."

ఇండికేటర్ ఆపాలో ఉంచాలో అప్పలరాజుకి తెలియలేదు. ఆపమని ఆయన చెప్పలేదు కాబట్టి ఉంచాడు.

"నువ్వు ఎవరి మాట మీద చెప్పావో నేనడగను," అన్నాడు ఆయన. "ఆ పని ఎవరు చేశారు? చప్పుడు తీసేసిన పని."

"గోపాలపట్నంలో అబ్బులు గారని సార్."

"వాళ్లదేవూరు?"

"అమలాపురం పక్క సార్."

"ఆయ్, అనుకున్నాను. నంబరు పంపు."

అప్పలరాజు నంబరు పంపాడు. పంపినట్టు ఫోన్‌లో రెండు గీతలు పడ్డాయి. తర్వాత ఆశాజ్యోతికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది.

"గడియారమా?"

"ఆఁ మేడం."

"నా క్యాబిన్‌లో గడియారమే లేదండీ," అంది ఆశాజ్యోతి. "శనివారం సాయంత్రం స్టోర్స్ కుర్రాడు రెండు బ్యాటరీలు తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఎందుకో అర్థం కాక డ్రాయర్‌లో పడేశాను."

ఆమెని ఉద్యోగంలోంచి తియ్యలేదు. మే ఇరవై తొమ్మిది, శుక్రవారం, హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు ప్లాంటుకి రెండు కిలోమీటర్ల లోపల నివాసం ఉండాలి. ఇంటి అద్దె కంపెనీ ఇస్తుంది. కంపెనీ ఇచ్చే కారు బాడుగ మే ముప్పై ఒకటితో ఆగిపోతుంది. ఆదివారం ఆమె దువ్వాడ స్టేషన్ దగ్గర ఒక పోర్షన్‌లోకి మారింది. సామాను వ్యాన్‌లో వెళ్లింది. చింటూని, వాడి ఫిష్ ట్యాంకుని అప్పలరాజు కారులో తీసుకెళ్లాడు. దారిలో పిల్లవాడు నిద్రపోయాడు. ఆశాజ్యోతి దిగి, పిల్లవాణ్ని భుజాన వేసుకుంది.

"మీ మీద నాకు కోపం లేదు," అంది. "ఇప్పుడు ఏడింటికి నడిచి వెళ్లొచ్చు."

"ఎవరైనా కారు కావాలంటే సెప్పండి మేడం."

"చెప్తాను."

జూన్ మొదటి వారంలో అప్పలరాజుకి రెండు ట్రిప్పులు దొరికాయి. రెండూ ఎయిర్‌పోర్టుకి. రెండోసారి ఎక్కినాయన తలుపు వేసుకున్న కాసేపటికి, ఈ కారులో చెవులు దిబ్బడ వేసినట్టుందని, అద్దం దించమన్నాడు. నెలవారీ బాడుగ ఎవరూ అడగలేదు. అబ్బులు ఆరో తారీకున ఫోన్ చేశాడు. భీమవరం నుంచి పెద్ద బండి ఒకటి తన షాపుకి వచ్చిందనీ, మైకు ఎక్కడ పెట్టాలని అడిగితే అసలు మైకే వద్దన్నారనీ చెప్పాడు.

తొమ్మిదో తారీకు సాయంత్రం అప్పలరాజు జెట్టీ మీదికి వెళ్లాడు. బోటు పక్కన కోటి ఉన్నాడు. ఐసు గదికి తలుపు బిగిస్తున్నాడు.

"ఏటి బావా, ఎక్కీసినట్టేనా?"

"మావ ఏడీ?"

"లోపలున్నాడు. కాకినాడాయనకి ఇంకా మాట ఇవ్వలేదు. నీకోసమే ఆగినాడు, ముసలోడు."

చలమయ్య బయటికి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. బాడుగ గురించి అడగలేదు.

"ఇంజను మార్చినాను," అన్నాడు. "పాతదానికన్నా సప్పుడెక్కువ. నీకు పడతాదా?"

"పడతాది మావా," అన్నాడు అప్పలరాజు.

ఇంటికెళ్లి దేవికి చెప్పాడు. దేవి వంట ఆపలేదు.

"ఎన్నాళ్లకి?" అంది.

"పదిహేను రోజులకి ఐసు ఎక్కించతన్నారు."

"ఆ మేడం గారి నంబరు నాకు ఇచ్చీసి ఎల్లు. బాడుగేటైనా ఉంటే నాను కనుక్కుంటాను."

జూన్ పద్నాలుగు అర్ధరాత్రితో వేట నిషేధం ముగిసింది. పదిహేను, సోమవారం, తెల్లవారుజామున మూడూ నలభైకి చలమయ్య బోటు జెట్టీ వదిలింది. అందులో తొమ్మిది మంది ఉన్నారు. చుక్కాని దగ్గర అప్పలరాజు ఉన్నాడు. కారు ఇంటి ముందు ఉంది. తాళాలు దేవి దగ్గర ఉన్నాయి.